‘వలన’ అనే మాట బరువు: ఆంగ్ల ‘బికాజ్ ఆఫ్’, తెలుగు బైబిలు, కాపరి పరిచర్య

ప్రవేశిక

ఆంగ్ల వ్యాఖ్యానాలు చదివి తెలుగులో ప్రసంగించే సేవకులు ప్రతి వారం ఒక చిన్న అనువాదం చేస్తుంటారు. పుస్తకంలో ‘బికాజ్ ఆఫ్’ అని కనబడిన చోట ‘వలన’ అనో, వాడుకలో ‘వల్ల’ అనో చెప్పి ముందుకు సాగుతారు. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనిపిస్తుంది. కాని రక్షణ దేనివలన కలిగింది, రోగం దేనివలన వచ్చింది, ప్రార్థన దేనివలన ఫలించలేదు అనే ప్రశ్నలన్నిటికీ మనం ఈ ఒక్క మాటతోనే జవాబు చెబుతున్నాం. మొదటి ప్రశ్నకు తప్పు జవాబు చెబితే సిద్ధాంతం దెబ్బతింటుంది. మిగతా రెండింటికి తప్పు జవాబు చెబితే మంచం మీద ఉన్న మనిషి దెబ్బతింటాడు.

ఈ వ్యాసంలో ముందుగా ‘బికాజ్ ఆఫ్’ అర్థాన్ని, వాడుకను, తరువాత తెలుగులో దానికి సరితూగే మాటలను, ఆ తరువాత క్రొత్త నిబంధన గ్రీకులోని ‘దియా’ అనే విభక్తి పదాన్ని పరిశీలిద్దాం. చివరగా ఈ తేడాలు ప్రసంగవేదిక మీద, రోగి పక్కన మనకు ఏమి నేర్పుతున్నాయో చూద్దాం. తెలుగు మాటలను బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం నుండి తీసుకున్నాం. మన సంఘాలలో ఎక్కువగా చదువుతున్నది, కంఠస్థం చేస్తున్నది ఇప్పటికీ అదే.

1. ఆంగ్లంలో ‘బికాజ్ ఆఫ్’

‘బికాజ్’ అనే మాట పాత ఆంగ్లంలోని ‘బై’, ఫ్రెంచి నుండి వచ్చిన ‘కాజ్’ అనే రెండు మాటల కలయిక. ‘కారణముచేత’ అని దాని మూలార్థం. వాడుకలో రెండు రూపాలున్నాయి. ‘బికాజ్’ ఒంటరిగా వస్తే దాని వెనుక కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం రావాలి. ‘బికాజ్ ఆఫ్’ వస్తే దాని వెనుక నామవాచకం మాత్రమే రావాలి. ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’ అనవచ్చు, ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’ అనవచ్చు. ‘బికాజ్ ఆఫ్ ఇట్ రెయిన్డ్’ అనకూడదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులు పరీక్ష పత్రాలలో ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. అందుకు కారణం తెలుగు నిర్మాణంలోనే ఉంది. మనం ‘వాన పడడం వల్ల’ అని క్రియనే నామవాచకంగా మార్చి ‘వల్ల’ చేరుస్తాం. కనుక మనకు రెండు రూపాల అవసరం కలగదు.

‘బికాజ్ ఆఫ్’కు దగ్గరి బంధువులు కొన్ని ఉన్నాయి. ‘డ్యూ టు’ అనే మాటలోని ‘డ్యూ’కు మొదటి అర్థం ‘చెల్లవలసినది’, అంటే బాకీ. ఇది నామవాచకాన్ని వర్ణించే చోటనే రావాలని పాత వ్యాకరణ పండితులు పట్టుబట్టేవారు. ‘అతని గైర్హాజరు జ్వరం వల్ల’ అన్నట్టు గైర్హాజరు అనే నామవాచకానికి అది అతకాలి. నేడు ‘బికాజ్ ఆఫ్’ వచ్చే చోటల్లా ‘డ్యూ టు’ కూడా వస్తోంది. ‘థ్యాంక్స్ టు’ సాధారణంగా మేలు జరిగినప్పుడు వాడతారు, వెటకారానికి కూడా వాడతారు. ‘త్రూ’ మార్గాన్ని, సాధనాన్ని చూపుతుంది. ‘ఫర్’ కారణాన్నీ చూపుతుంది, ఉద్దేశాన్నీ చూపుతుంది. ఈ ‘ఫర్’తోనే బైబిలు చదువరికి ఎక్కువ చిక్కు.

‘బికాజ్ ఆఫ్’ ఒక్కటే అయినా అది చూపే సంబంధాలు ఒక్కటి కావు. వాన వల్ల గోడ కూలింది అంటే భౌతిక కారణం. పిల్లల వల్ల ఊరు విడిచిపెట్టలేదు అంటే మనసులోని ఆలోచన. ఆయన పేరు వల్ల నాకు అప్పు దొరికింది అంటే ఆధారం. మూడింటికీ ఆంగ్లంలో ‘బికాజ్ ఆఫ్’ సరిపోతుంది. గోడకు వాన ఏమి చేసిందో, అప్పు ఇచ్చినవానికి ఆ పేరు అదే చేయలేదు. వాన తోసింది, పేరు పూచీ పడింది.

వ్యతిరేక వాక్యాలలో మరొక చిక్కు ఉంది. ‘హి డిడ్ నాట్ కమ్ బికాజ్ ఆఫ్ మనీ’ అనే వాక్యానికి రెండు అర్థాలు వస్తాయి. డబ్బు కారణంగా అతడు రాలేదు అని ఒకటి. అతడు వచ్చాడు గాని డబ్బు కోసం కాదు అని ఇంకొకటి. తెలుగు ఇక్కడ స్పష్టంగా ఉంటుంది. ‘డబ్బు వల్ల రాలేదు’ అనేది ఒకటి, ‘వచ్చింది డబ్బు వల్ల కాదు’ అనేది మరొకటి. ‘క్రియల వలన కాదు’ అనే పౌలు మాటను ఆంగ్లం నుండి వివరించేటప్పుడు ఈ సౌకర్యాన్ని మనం వాడుకోవాలి.

2. తెలుగులో కారణం చెప్పే మాటలు

బడిలో వల్లె వేసిన విభక్తులను ఒకసారి గుర్తు చేసుకుందాం. తృతీయలో చేత, తోడ, తో ఉన్నాయి. చతుర్థిలో కొరకు, కై ఉన్నాయి. పంచమిలో వలన, కంటె, పట్టి ఉన్నాయి. సంప్రదాయ వ్యాకరణం చేసిన ఈ విభజనలోనే మనకు కావలసిన తేడాలు కనిపిస్తాయి.

‘చేత’ చేసేవానిని, సాధనాన్ని చూపుతుంది. ‘వలన’ పుట్టుక స్థానాన్ని, అంటే ఎక్కడి నుండి వచ్చిందో దానిని చూపుతుంది. ‘పట్టి’ నేడు ‘బట్టి’గా వాడుకలో ఉంది. దానిని చూసి, దానిని లెక్కలోకి తీసుకొని అని అర్థం. ‘కొరకు’, ‘కై’ ఉద్దేశాన్ని చూపుతాయి. వీటికి తోడు సంస్కృతం నుండి వచ్చిన ‘ద్వారా’ మార్గాన్ని, ‘మూలముగా’ వేరును లేక ఆధారాన్ని, ‘నిమిత్తము’ కారణాన్ని గాని ఉద్దేశాన్ని గాని చూపుతాయి.

వాడుక భాషలో ఈ విభజన చాలావరకు చెదిరిపోయింది. ‘వల్ల’ ఒక్కటే అన్ని పనులూ చేస్తోంది. అయినా పల్లె మాటలో పాత తేడాలు పూర్తిగా పోలేదు. ‘చలికి వణుకుతున్నడు’, ‘ఎండకు సొమ్మసిల్లిండు’, ‘వానకు చేను కరాబైంది’ అనే చోట ప్రకృతి కారణానికి ‘కు’ వస్తుంది. ‘జ్వరం తోటి పండుకున్నడు’ అనే చోట మనిషి ఉన్న స్థితికి ‘తోటి’ వస్తుంది. ‘నీ వల్లనే’ అన్నప్పుడు మాత్రం వెంటనే నేరం మోపినట్టు ఉంటుంది. మేలు జరిగినప్పుడు ‘మీ వల్లనే బాగుపడ్డాం’ అంటాం, అది నిజమే. కాని కీడు జరిగిన ఇంట్లో ‘వల్ల’ అన్న మాట వినబడితే అందరి చూపూ ఒక మనిషి వైపు తిరుగుతుంది.

కామారెడ్డి జిల్లా పడమటి అంచున, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా ఉన్న బిచ్కుంద ప్రాంతంలో పరిచర్య చేసేవారికి ఇంకొక మేలు ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. అంతకు ముందు నిజాం పాలనలో ఉండేది. ఇక్కడి చెవులకు తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం, ఉర్దూ అలవాటు. మరాఠీవారు కారణానికి ‘ముళే’ అంటారు. అది వేరు అనే అర్థమున్న ‘మూళ్’ నుండి వచ్చింది. మన ‘మూలముగా’ కూడా అదే దారిలో పుట్టింది. ఉర్దూలో కారణానికి ‘కీ వజహ్ సే’ అని, ఉద్దేశానికి ‘కే లియే’ అని వేరువేరుగా చెబుతారు. కన్నడంలో ‘ఇంద’ ఒక్కటే సాధనానికి, పుట్టుక స్థానానికి, కారణానికి కూడా సరిపోతుంది. ‘వలన’, ‘నిమిత్తము’ అనే మాటలలో ఏది కారణమో ఏది ఉద్దేశమో తేల్చుకోలేని విద్యార్థి ఆ మాటను ఉర్దూలో పెట్టి చూసుకోవచ్చు. ‘వజహ్ సే’ అనాలా, ‘లియే’ అనాలా అని అడుక్కుంటే చాలా చోట్ల సంగతి తేలిపోతుంది.

3. గ్రీకు ‘దియా’, తెలుగు అనువాదం

క్రొత్త నిబంధనలో ‘బికాజ్ ఆఫ్’ అని ఆంగ్లంలోకి వచ్చిన మాట చాలా చోట్ల ‘దియా’. దీనికి ఒక నియమం ఉంది. దాని వెనుక వచ్చే నామవాచకం షష్ఠీ విభక్తిలో ఉంటే ‘ద్వారా’ అని అర్థం. ద్వితీయా విభక్తిలో ఉంటే ‘కారణంగా’ లేక ‘నిమిత్తం’ అని అర్థం. మాట మారదు, దాని వెనుక వచ్చే నామవాచకం చివర మారుతుంది. ఆ చివరతోనే అర్థం మారుతుంది.

హెబ్రీ 2:10లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. సమస్తమూ దేవుని కోసం ఉన్నది, సమస్తమూ ఆయన ద్వారా కలిగింది అని రచయిత చెబుతున్నాడు. రెండు చోట్లా ‘దియా’ ఒక్కటే, విభక్తులు వేరు. మన అనువాదకులు మొదటిదానికి ‘నిమిత్తము’ అని, రెండవదానికి ‘వలన’ అని వేరు చేసి చూపారు. ఆ జాగ్రత్తకు మనం కృతజ్ఞులమై ఉండాలి.

అయితే ఇక్కడ ‘వలన’ అంటే ‘ద్వారా’ అని తేలింది కదా అని ప్రతి చోటా అదే అర్థం పెట్టుకోకూడదు. 1 కొరింథీ 11:30లో ‘ఇందువలననే’ అని ఉంది. అక్కడ గ్రీకు ద్వితీయా విభక్తి. అంటే ‘ఈ కారణంగా’ అని అర్థం. ఒకే ‘వలన’ ఒక చోట మార్గాన్ని, మరొక చోట కారణాన్ని చెబుతోంది.

దీనికి తిరుగుడుగా, కారణార్థంలో ఉన్న ఒకే ‘దియా’కు తెలుగులో అనేక మాటలు వచ్చాయి. కొన్నింటిని చూద్దాం.

మత్తయి 13:58లో నజరేతువారి అవిశ్వాసం గురించి ‘బట్టి’ వాడారు. మత్తయి 17:20లో శిష్యుల అల్పవిశ్వాసం గురించి ‘చేత’ వాడారు. ఎఫెసీ 2:4లో దేవుని మహా ప్రేమ గురించి కూడా ‘చేత’ వాడారు. మార్కు 2:27లో విశ్రాంతిదినము, మనుష్యుల గురించి ‘కొరకు’ వాడారు. ఇవన్నీ గ్రీకులో ద్వితీయా విభక్తితో కూడిన ‘దియా’యే. సందర్భాన్ని చూసి అనువాదకులు తగిన మాట ఎన్నుకున్నారు. మార్కు 2:27లో ‘వలన’ పెట్టి ఉంటే మనుష్యుల మూలాన విశ్రాంతిదినం పుట్టుకొచ్చిందన్న అర్థం వచ్చి, వారి మేలు కోసం ఇవ్వబడింది అన్న అసలు సంగతి మరుగున పడేది.

మత్తయి 19:8 మరొక రకం. అక్కడ గ్రీకు మాట ‘దియా’ కాదు, ‘ప్రోస్’. ఆంగ్ల అనువాదాలలో ‘బికాజ్ ఆఫ్’ కనిపిస్తుంది. తెలుగులో ‘హృదయకాఠిన్యమునుబట్టి’ అని వచ్చింది. ఇక్కడ మన తెలుగే ఆంగ్లం కన్నా చక్కగా ఉంది. ప్రజల కఠిన హృదయం మోషే ఆజ్ఞను పుట్టించలేదు. దానిని చూసి, దానిని లెక్కలోకి తీసుకొని మోషే ఒక వెసులుబాటు ఇచ్చాడు. ‘బట్టి’ అనే మాట సరిగ్గా ఆ సంగతినే చెబుతుంది. విడాకుల మీద బోధించేవారు ఈ ఒక్క మాట దగ్గర ఆగితే, దేవుని మొదటి ఉద్దేశానికీ మనుషుల బలహీనతకు ఇచ్చిన వెసులుబాటుకూ ఉన్న తేడాను సంఘానికి సులభంగా చూపగలరు.

రోమా 4:25లో ‘దియా’ రెండుసార్లు, రెండూ ద్వితీయా విభక్తితోనే వచ్చాయి. మన అపరాధాలు, మన నీతితీర్పు అనేవి ఆ రెండు విషయాలు. కొన్ని ఆంగ్ల అనువాదాలు రెండు చోట్లా ‘ఫర్’ అన్నాయి. న్యూ అమెరికన్ స్టాండర్డ్ అనువాదం రెండు చోట్లా ‘బికాజ్ ఆఫ్’ అన్నది. తెలుగులో మొదటి చోట ‘నిమిత్తము’, రెండవ చోట ‘టకై’ వచ్చింది. మొదటిది వెనక్కి చూస్తుంది, మన అపరాధాలు ఉన్నాయి గనుక ఆయన అప్పగింపబడ్డాడు. రెండవది ముందుకు చూస్తుంది, మనం నీతిమంతులుగా తీర్చబడాలని ఆయన లేపబడ్డాడు. గ్రీకులో రెండవదాన్ని కూడా కారణంగా చదవడం సాధ్యమే. అలా చదివితే సిలువ మీద పని పూర్తయింది గనుక ఆయన లేపబడ్డాడు అని అర్థం వస్తుంది. తెలుగు అనువాదం ఒక పఠనాన్ని ఎన్నుకుంది. ప్రసంగికుడు రెండవ పఠనం ఉందని తెలిసి మాట్లాడాలి.

4. విశ్వాసం కారణమా, మార్గమా?

ఇప్పుడు ముఖ్యమైన స్థలానికి వద్దాం. ఎఫెసీ 2:8లో మన అనువాదకులు మూడు వేరువేరు మాటలు వాడారు. విశ్వాసానికి ‘ద్వారా’, కృపకు ‘చేత’, మనకు ‘వలన కాదు’. గ్రీకులో కూడా మూడు వేరువేరు నిర్మాణాలున్నాయి. కృప కేవలం తృతీయార్థంలో ఉన్న రూపం. విశ్వాసం షష్ఠీ విభక్తితో కూడిన ‘దియా’. మనం అనే చోట ‘ఎక్’, అంటే లోపలి నుండి, మూలస్థానం నుండి. రక్షించేది కృప, అందుకొనేది విశ్వాసం, పుట్టుక స్థానం మనం కాదు.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన ఒక సంగతి ఉంది. నీతిమంతులుగా తీర్చబడడం గురించి చెప్పేటప్పుడు పౌలు ‘విశ్వాసం ద్వారా’ అంటాడు, ‘విశ్వాసం నుండి’ అంటాడు, కేవలం ‘విశ్వాసముచేత’ అని కూడా అంటాడు. ‘విశ్వాసం కారణంగా’ అని, అంటే ద్వితీయా విభక్తితో కూడిన ‘దియా’తో ఎక్కడా అనడు. విశ్వాసం దేవుని దగ్గర మనకు అర్హత తెచ్చిపెట్టే పుణ్యకార్యం కాదు. చాచిన చెయ్యి బిచ్చానికి కారణం కాదు. ఇచ్చేవాని దయే కారణం.

1530లో లూథరు అనుచరులు చక్రవర్తి ఎదుట సమర్పించిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన నాలుగవ అధికరణంలో ఈ తేడానే లాటిన్ మాటలలో పెట్టారు. క్రీస్తుకు ‘ప్రోప్టర్’ అని, విశ్వాసానికి ‘పెర్’ అని వాడారు. క్రీస్తు నిమిత్తం, విశ్వాసం ద్వారా అని తాత్పర్యం. ఆ కాలపు గొప్ప వివాదం ఈ రెండు చిన్న మాటల మధ్య ఉన్న ఎడం మీద కూడా ఆధారపడింది. నేడు మనం ‘క్రీస్తు వల్ల రక్షణ’, ‘విశ్వాసం వల్ల రక్షణ’ అని రెండింటికీ ఒకే ‘వల్ల’ పెట్టినప్పుడు ఆ ఎడం మాసిపోతుంది. వినేవారి మనసులో రెండు కారణాలు సమానంగా నిలబడతాయి. తరువాత ఆ విశ్వాసి తన విశ్వాసం ఎంత ఉందో కొలుచుకోవడం మొదలుపెడతాడు. విశ్వాసం తగ్గినట్టు అనిపించిన రోజు రక్షణ కూడా తగ్గిందని భయపడతాడు.

ఇదే వచనంలో ‘మీవలన కాదు’ అన్న భావం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. నేటి తెలుగులో ‘నా వల్ల కాదు’ అంటే ‘నాకు చేతకాదు’ అని అర్థం. కనుక సంఘంలో చాలామంది ఈ మాటను ‘మీకు చేతకాదు’ అని వింటారు. అది అబద్ధం కాదు, అయినా పౌలు ఇక్కడ చెప్పినది అది కాదు. రక్షణ మీలో నుండి పుట్టినది కాదు, అది వరం అని ఆయన చెబుతున్నాడు. చేతకాదు అంటే, చేతనైన కొద్దీ ప్రయత్నించవచ్చు అన్న ఆశ మిగులుతుంది. వరం అంటే ప్రయత్నం అన్న ప్రశ్నే రాదు. చదివేటప్పుడు ‘మీలో నుండి వచ్చినది కాదు’ అని ఒక్క మాటలో వివరిస్తే ఈ పొరపాటు తొలగిపోతుంది.

5. రోగం దేనివల్ల?

సిద్ధాంతంలో చెరిగిపోయిన తేడా పరిచర్యలో మనుషుల మీద పడుతుంది. మన పల్లెలలో జబ్బుకు కారణం వెదకడం పాత అలవాటు. దిష్టి వల్ల అంటారు, బాణామతి వల్ల అంటారు, పూర్వజన్మ కర్మ వల్ల అంటారు. కొత్తగా సంఘంలో చేరిన కుటుంబంలో బిడ్డ జబ్బు పడితే, ఇంటి దేవతను విడిచినందువల్లనే అని చుట్టాలు అంటారు. అప్పుడు కాపరి వచ్చి ‘ఇంట్లో ఒప్పుకోని పాపం వల్ల’ అనో, ‘విశ్వాసం లేకపోవడం వల్ల’ అనో చెబితే, ఆ ఇంటివారికి సువార్తగా వినబడేది ఏమిటి? పాత జవాబుల పక్కన ఇంకొక జవాబు చేరింది, అంతే. ప్రశ్న మారలేదు.

యోహాను 9వ అధ్యాయంలో యేసు ప్రశ్ననే మార్చాడు. పుట్టు గుడ్డివానిని చూసి శిష్యులు కారణం అడిగారు, పాపం ఎవరిది అని. ఆయన వానిదీ కాదు, తలిదండ్రులదీ కాదు అని చెప్పి ఉద్దేశం వైపు మళ్లించాడు. గ్రీకులో ఆయన జవాబు ‘హినా’తో వస్తుంది, తెలుగులో ‘టకే’ అని వస్తుంది. శిష్యులు ‘వజహ్’ అడిగితే ఆయన ‘లియే’తో జవాబిచ్చాడు. లూకా 13:1-5లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వచ్చినప్పుడు, చనిపోయినవారు మిగతావారి కంటె పాపులు కారని చెప్పి, బ్రతికున్నవారిని మారుమనస్సుకు పిలిచాడు. యోబు గ్రంథం సాంతం ఈ సంగతి మీదనే నడుస్తుంది. ముగ్గురు స్నేహితులు ‘వల్ల’ చెప్పడానికి తొందరపడ్డారు. చివరకు దేవుడు తప్పుపట్టింది వారినే.

అయితే పాపం వల్ల రోగం వచ్చినట్టు లేఖనం ఎక్కడా చెప్పలేదా? చెప్పింది. పైన చూసిన 1 కొరింథీ 11:30 అలాంటిదే. ప్రభువు బల్ల దగ్గర పేదలను అవమానించిన సంఘంతో అపొస్తలుడు ఆ కారణం చెప్పాడు. కాని అది ఒక సంఘాన్ని గురించి, ఒక నిర్దిష్టమైన అపరాధాన్ని గురించి, ఆ అధికారం గల ఒకని నోట వచ్చిన మాట. ప్రతి మంచం దగ్గరా చెప్పదగిన సూత్రంగా ఆయన దానిని ఇవ్వలేదు. యాకోబు 5:15 కూడా రోగి పాపం చేసి ఉంటే అని ‘ఉంటే’ పెట్టి చెబుతుంది. కారణం చెప్పే వాక్యానికి, షరతు చెప్పే వాక్యానికి ఉన్న తేడా ఇది. దానిని మనం చెరిపివేయకూడదు.

మత్తయి 17:20ని కూడా జాగ్రత్తగా చదవాలి. బాలుడు స్వస్థపడకపోవడానికి అల్పవిశ్వాసం కారణమని యేసు చెప్పాడు. ఎవరితో చెప్పాడు? బాలునితో కాదు, తండ్రితో కాదు. ప్రార్థించడానికి వచ్చిన శిష్యులతో, అదీ ఏకాంతంగా ఉన్నప్పుడు చెప్పాడు. నేడు ఈ వచనాన్ని రోగి మీదికి తిప్పే బోధకులున్నారు. అక్కడి ‘చేత’ సేవకునివైపు చూపుతోంది.

కుష్ఠు విషయంలో ఈ ‘వల్ల’ ఎంత పని చేసిందో పాత నిజామాబాద్ జిల్లాలో పనిచేసేవారికి చెప్పనక్కర లేదు. కుష్ఠుకు ఒక సూక్ష్మక్రిమి కారణమని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించాడు. అయినా పల్లెలో ఆ రోగి శాపగ్రస్తుడే. 1915లో డిచ్‌పల్లిలో వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠు ఆసుపత్రిని ప్రారంభించారు. వారు వచ్చినవారిని చేర్చుకున్నారు, ఆ కాలంలో దొరికిన చాల్‌ముగ్రా నూనెతో వైద్యం చేశారు. ఎవరి పాపం అన్న ప్రశ్న ఉన్న చోట ఏమి చేయగలం అన్న ప్రశ్న వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో నేడు ఆ వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

చట్టం కూడా చాలా కాలం ఈ ‘వల్ల’ను మోసింది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో కుష్ఠు విడాకులకు ఒక ఆధారంగా ఉండేది. 2019లో చేసిన సవరణ చట్టంతో ఆ ఆధారం తొలగిపోయింది. వివాహ సలహా ఇచ్చే కాపరులు ఈ మార్పు తెలుసుకొని ఉండాలి. ఇంకొక మాట కూడా చెప్పాలి. లేవీయకాండము 13, 14 అధ్యాయాలలోని ‘కుష్ఠు’ బట్టలకు, ఇంటి గోడలకు కూడా పట్టేదిగా వర్ణించబడింది. కనుక దానిని హాన్సెన్ వ్యాధితో ఒకటిగా చేసి ప్రసంగిస్తే లేఖనానికీ న్యాయం జరగదు, వెనుక వరుసలో కూర్చున్న రోగికీ న్యాయం జరగదు.

6. కాపరులకు, విద్యార్థులకు కొన్ని సూచనలు

ఒకటి. ఆంగ్ల పుస్తకంలో ‘బికాజ్ ఆఫ్’, ‘ఫర్’, ‘త్రూ’ కనబడినప్పుడు వెంటనే ‘వల్ల’ అనకుండా, ఇది పుట్టుక స్థానమా, సాధనమా, మార్గమా, ఆధారమా, ఉద్దేశమా అని అడగండి. తరువాత నుండి, చేత, ద్వారా, బట్టి, కొరకు అనే మాటలలో తగినది ఎన్నుకోండి.

రెండు. గ్రీకు నేర్చుకున్నవారు ‘దియా’ వెనుక ఉన్న విభక్తిని చూడకుండా దాని మీద ప్రసంగాంశం కట్టవద్దు. గ్రీకు రానివారు రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టి చూస్తే, మాటలు వేరుగా ఉన్న చోట ఆగి ఆలోచించవలసిన అవసరం ఉందని తెలుస్తుంది.

మూడు. రక్షణ గురించి బోధించేటప్పుడు ‘క్రీస్తు నిమిత్తం, కృపచేత, విశ్వాసం ద్వారా’ అనే మూడు మాటలను వేరుగా ఉంచండి. బాప్తిస్మ తరగతిలో వీటిని నేర్పితే పెద్ద సిద్ధాంత గ్రంథం నేర్పినంత పని జరుగుతుంది.

నాలుగు. ‘నిమిత్తము’ అనే మాట యువతరానికి పరిచయం లేదు. నీతి నిమిత్తం హింస పొందడం గురించి మత్తయి 5:10లో చదివినప్పుడు, అక్కడ అది కారణమని, వారు నీతిగా ఉన్నందుకే హింస వచ్చిందని విప్పి చెప్పండి.

అయిదు. రోగి పక్కన, మరణం జరిగిన ఇంట్లో, లేఖనం ఆ మనిషిని గురించి చెప్పని ‘వల్ల’ను మీరు చెప్పవద్దు. ‘ఎందువల్ల అయ్యగారూ?’ అని తల్లి అడిగితే, ‘నాకు తెలియదమ్మా’ అనడం అవిశ్వాసం కాదు. యేసు ఆ ప్రశ్నకు జవాబుగా నిందితుని పేరు చెప్పలేదు, నేల మీద ఉమ్మివేసి బురద చేసి ఆ మనిషి కళ్లకు పూశాడు. అలాగే మనం కూడా ఆసుపత్రికి తోడు వెళ్లడం, మందులకు సాయం చేయడం, ఆ ఇంట్లో కూర్చొని ప్రార్థించడం చేయగలం.

ముగింపు

మన అనువాదకులు వలన, చేత, ద్వారా, మూలముగా, బట్టి, నిమిత్తము, కొరకు అనే ఇన్ని మాటలను మనకు అందించారు. వాటన్నిటినీ ఒక్క ‘వల్ల’లో కలిపివేస్తే వ్యాకరణంతో పాటు మరి రెండు నష్టపోతాం. దేవుని కృపకు చెందవలసిన ఘనత మన విశ్వాసానికి పోతుంది. బాధపడుతున్నవారి మీద దేవుడు మోపని నేరం మన నోట పడుతుంది. ఈ వారం ప్రసంగం సిద్ధపరచేటప్పుడు మీ వాక్యభాగంలోని కారణ పదాల కింద గీత గీసి, ఒక్కొక్కదాని పక్కన అది ఏ రకం కారణమో రాసి చూడండి. ఏమీ రాయలేకపోయిన చోట, వేదిక మీద కూడా ఆ మాటను బలంగా చెప్పకుండా ఉండండి.